ఎన్నికల ముంగిట నెత్తురు: భారత–శ్రీలంక ఉద్రిక్తతల కాలం, నెల్లూరు తీరం

1987 నుంచి 1991 దాకా సాగిన నాలుగేళ్ళలో శ్రీలంకలో ఓటు వేయడమే ప్రాణాంతకమైంది. పక్కనున్న పెద్ద దేశం మీది కోపం, భయం ఆ హింసకు సాకుగా నిలిచాయి. ఆ పెద్ద దేశం మనదే. చివరికి ఆ హింస సముద్రం దాటి, మన లోక్‌సభ ఎన్నికల నడిమధ్యలో, 1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ ప్రాణం తీసింది. ఆయన ఆ రోజు సాయంత్రం ప్రచారంలో ఉన్నది విశాఖపట్నంలో.

ఆ కాలపు రాజకీయ హత్యలను ఈ వ్యాసం నెల్లూరు తీరం వైపు నుంచి చూస్తుంది. సాధారణంగా ఈ కథను ఢిల్లీ నుంచో, కొలంబో నుంచో, మద్రాసు నుంచో చెబుతారు. తెలుగువాళ్ళకు ఇందులో ఉన్న పాలు ఆ కథనాల్లో పెద్దగా కనిపించదు.

తీరం, ఇరుగుపొరుగు

నెల్లూరుకు దగ్గరి మహానగరం ఆనాడు హైదరాబాదు కాదు, మద్రాసు. వైద్యానికీ, చదువుకూ, సరుకుకూ, సినిమాకూ అటే వెళ్ళేవారు. దక్షిణాన పులికాట్ సరస్సు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి. ఈ తీరంలోని పట్టపు మత్స్యకారుల్లో చాలామంది ఇళ్ళలో తమిళం వినిపిస్తుంది. మద్రాసులో ఏం జరిగినా దాని అల ముందుగా తగిలేది సూళ్ళూరుపేట, గూడూరు, నెల్లూరు పట్టణాలకే.

శ్రీలంక కూడా తెలుగువాళ్ళకు పూర్తిగా పరాయిది కాదు. 1739 నుంచి 1815లో ఇంగ్లిషువాళ్ళు పదవి నుంచి దించే వరకు కండి రాజ్యాన్ని ఏలిన చివరి రాజవంశం మదురై నాయకుల బంధువర్గం. వాళ్ళ మూలాలు తెలుగువి. అక్కడి సంచార జాతి అహికుంటకులు ఇప్పటికీ ఒక రకం తెలుగు మాట్లాడతారు. ఒక తరం తెలుగువాళ్ళయితే రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు విని, ఆమె వేసే తెలుగు పాటల కోసం పనులు ఆపుకున్నారు. సిలోన్ అంటే పాటలొచ్చే చోటు అనుకున్న ఆ తరమే 1987 తర్వాత అక్కడి నుంచి శవాల లెక్కలు వినవలసి వచ్చింది.

ఒప్పందం, దాని వెనుక భయం

1983 జూలైలో కొలంబోలో తమిళుల మీద జరిగిన మారణకాండ తర్వాత వేలాది శరణార్థులు తమిళనాడు చేరారు. తమిళ సాయుధ సంస్థలకు భారత గడ్డ మీద ఆశ్రయమూ, శిక్షణా దొరికాయి. సింహళ జనంలో అప్పటికే ఉన్న ఒక పాత భయం దీంతో ముదిరింది. తాము ద్వీపంలో అధిక సంఖ్యాకులమే అయినా, జలసంధికి అవతల కోట్ల తమిళులున్న మహాదేశం ముందు అల్పులమన్నదే ఆ భయం. 1987 జూన్ 4న భారత వాయుసేన విమానాలు జాఫ్నా మీద ఆహార పొట్లాలు జారవిడిచాయి. శ్రీలంక అనుమతి లేకుండానే ఆ పని జరిగింది. పెద్ద పొరుగువాడు తలుచుకుంటే తమ ఆకాశం తమది కాదని ఆ రోజు కొలంబోకు అర్థమైంది.

జూలై 29న రాజీవ్ గాంధీ, అధ్యక్షుడు జె.ఆర్. జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ ప్రాంతాలకు రాష్ట్ర స్థాయి మండలి, భారత శాంతి పరిరక్షక దళం రాక అందులో ముఖ్యాంశాలు. మర్నాడు సైనిక వందనం స్వీకరిస్తుండగా వరుసలోని ఒక నావికుడు తుపాకీ మడమతో రాజీవ్‌ను కొట్టబోయాడు. రాజీవ్ తల వంచి తప్పుకోవడంతో దెబ్బ భుజం మీద పడింది. ఒక దేశ ప్రధాని మీద, అతిథిగా వెళ్ళిన చోట, గౌరవ వందనంలో దాడి జరగడం ప్రపంచంలో అరుదు. శ్రీలంకలో చాలామంది ఆ నావికుణ్ణి వీరుడనుకున్నారు. ఒప్పందం ఎంత పలుచని నేల మీద నిలబడిందో తెలుసుకోవడానికి ఆ ఒక్క దృశ్యం చాలు.

దక్షిణాన: ఓటు వేస్తే చావు

సింహళ ప్రాంతాల్లో ఒప్పందాన్ని ఎదిరించినవాళ్ళలో అందరికంటే కఠినమైనది జనతా విముక్తి పెరమున, అంటే జేవీపీ. మార్క్సిజం పేరు చెప్పుకున్న ఈ పార్టీ భారత విస్తరణవాదాన్ని మొదటి నుంచీ శత్రువుగా చూపించింది. 1971లో ఒకసారి తిరుగుబాటు చేసి ఓడింది. 1987 తర్వాత రెండోసారి ఆయుధం పట్టింది.

ఆగస్టు 18న పార్లమెంటు భవనంలో పాలకపక్ష సమావేశం మీద గ్రెనేడ్లు పడ్డాయి. జయవర్ధనే, ప్రధాని ప్రేమదాస తప్పించుకున్నారు. ఒక పార్లమెంటు సభ్యుడు చనిపోయాడు. 1988 ఫిబ్రవరి 16న సినిమా నటుడు, వామపక్ష నాయకుడు విజయ కుమారతుంగను కొలంబోలో ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. ఆయన తప్పల్లా తమిళులతో మాట్లాడి రాజీ కుదుర్చుకోవాలని, ఒప్పందాన్ని నిలబెట్టుకోవాలని బహిరంగంగా చెప్పడమే. ఆ హత్యను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పొరుగు దేశం మీది కోపంతో పుట్టిన హింస ముందు బలి తీసుకున్నది పొరుగు దేశం వాళ్ళను కాదు, రాజీ కోరిన స్వదేశీయులను.

1988 డిసెంబర్ 19న అధ్యక్ష ఎన్నిక జరిగింది. జేవీపీ బహిష్కరణ పిలుపిచ్చింది. ఓటు వేయడానికి వెళ్ళేవాళ్ళకు చావు తప్పదని రాత్రుళ్ళు గోడల మీద కాగితాలు అతికించారు. బస్సులు నడపవద్దన్నారు, కొట్లు తెరవవద్దన్నారు. పోలింగ్ సిబ్బంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళారు. 1982 అధ్యక్ష ఎన్నికలో 81 శాతం ఓటర్లు ఓటు వేసిన దేశంలో ఈసారి పోలైంది 55 శాతమే. దక్షిణ జిల్లాల్లోనూ జాఫ్నాలోనూ అంతకంటే చాలా తక్కువ. రణసింఘె ప్రేమదాస 50 శాతం దాటీ దాటకుండా ఓట్లు తెచ్చుకుని సిరిమావో బండారనాయకెను ఓడించారు. 1989 ఫిబ్రవరి 15 పార్లమెంటు ఎన్నికల ముందూ అదే తీరు. అన్ని పార్టీల అభ్యర్థులూ, కార్యకర్తలూ హత్యలకు గురయ్యారు.

జేవీపీ భారతీయ సరుకులను కూడా బహిష్కరించమంది. భారతీయ వ్యాపారులు ద్వీపం విడిచిపోవాలని 1989లో గడువు పెట్టింది. కిరాణా కొట్టు నడుపుకునే సామాన్యుడు ఏ సరుకు అమ్మాలో కూడా తుపాకీ నిర్ణయించింది. దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఇంకా దారుణం. పేర్లు లేని ముఠాలు యువకులను ఇళ్ళ నుంచి ఈడ్చుకెళ్ళాయి, రోడ్ల పక్కన టైర్లు వేసి శవాలను తగలబెట్టాయి. 1989 నవంబర్‌లో జేవీపీ నాయకుడు రోహణ విజెవీర పట్టుబడి, నిర్బంధంలోనే హతమయ్యాడు. రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్ళు పదుల వేలల్లో ఉంటారు. వాళ్ళలో అత్యధికులు సింహళ గ్రామాల పిల్లలు. చంపింది సింహళులే, చచ్చింది సింహళులే.

ఉత్తరాన: శాంతి దళం నీడలో ఎన్నిక

ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో కథ వేరు. 1987 అక్టోబర్‌లో భారత శాంతి దళం తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ (తమిళ పులులు)తోనే యుద్ధానికి దిగవలసి వచ్చింది. 1988 నవంబర్‌లో ఈశాన్య రాష్ట్ర మండలికి ఎన్నికలు పెట్టారు. ఎల్టీటీఈ బహిష్కరించింది. ఉత్తరాన అసలు పోలింగే జరగలేదు. మరో తమిళ సంస్థ ఈపీఆర్ఎల్ఎఫ్, దాని మిత్రపక్షం అక్కడ ఏకగ్రీవంగా గెలిచినట్టు ప్రకటించారు. ఆ సంస్థ నాయకుడు వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. పొరుగు సైన్యం తుపాకుల మధ్య, పోటీ లేకుండా వచ్చిన అధికారానికి ఓటరు అండ ఉండదు. సైన్యం వెళ్ళగానే అదీ పోయింది. 1990 మార్చిలో శాంతి దళంతోపాటు పెరుమాళ్ కూడా భారతదేశం చేరాడు.

ఈలోగా కొలంబోలో విచిత్రమైన పొత్తు కుదిరింది. ప్రేమదాస 1989 జూన్ 1న భారత సైన్యం వెళ్ళిపోవాలని బహిరంగంగా కోరారు. అదే సమయంలో ఎల్టీటీఈతో చర్చలు జరిపారు, శాంతి దళంతో పోరాడటానికి వాళ్ళకు ఆయుధాలు కూడా ఇప్పించారు. ఆ చర్చలు సాగుతుండగానే జూలై 13న తమిళ ఐక్య విమోచన కూటమి నాయకుడు అమిర్తలింగాన్ని కొలంబో ఇంట్లో, మాట్లాడాలని వచ్చిన పులుల మనుషులు కాల్చి చంపారు. ఆయన జీవితమంతా తమిళుల కోసం పార్లమెంటులో మాట్లాడినవాడు. జాఫ్నా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన రజని తిరణగామ అన్ని పక్షాల హింసనూ రాసి పెట్టింది, శాంతి దళపు అత్యాచారాలతో సహా. 1989 సెప్టెంబర్ 21న కళాశాల నుంచి సైకిలు మీద ఇంటికి వెళ్తుండగా ఆమెను చంపారు.

శాంతి దళంలో 1,100 మందికి పైగా భారత సైనికులు చనిపోయారు. 1990 మార్చి 24న చివరి బృందం ఓడ ఎక్కింది. మద్రాసు రేవులో దిగిన సైనికులకు స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రి, డీఎంకే నాయకుడు కరుణానిధి వెళ్ళలేదు. తమిళులను చంపిన సైన్యాన్ని ఆహ్వానించలేనన్నారు. ప్రాణాలొడ్డి వచ్చినవాళ్ళకు దొరికిన ఈ ఆదరణలో ఆ సైనికుల తప్పేమీ లేదు. తప్పు వాళ్ళను అక్కడికి ఎందుకు పంపుతున్నామో తేల్చుకోకుండా పంపిన ఢిల్లీది.

కోడంబాకం నుంచి శ్రీపెరంబుదూరు దాకా

1990 జూన్ 19న హింస మద్రాసుకే వచ్చింది. ఈపీఆర్ఎల్ఎఫ్ ప్రధాన కార్యదర్శి పద్మనాభనూ ఆయన సహచరులనూ కోడంబాకంలోని అపార్ట్‌మెంటులో తుపాకులతో, గ్రెనేడ్లతో చంపి హంతకులు తప్పించుకున్నారు. కోడంబాకం అంటే తెలుగు సినిమాకు దశాబ్దాల పాటు సొంతిల్లు. ఆ వీధుల్లో అంతమందిని చంపి సముద్రం దాటి వెళ్ళగలిగారంటే, పోలీసు వ్యవస్థ ఎంత చూసీచూడనట్టు ఉందో తెలుస్తుంది. 1991 జనవరి 30న ప్రధాని చంద్రశేఖర్ ప్రభుత్వం తమిళనాడులోని డీఎంకే మంత్రివర్గాన్ని రద్దు చేయడానికి చూపిన కారణాల్లో ఎల్టీటీఈ కదలికలు ముఖ్యమైనవి.

చంద్రశేఖర్ ప్రభుత్వం కూడా ఎంతో కాలం నిలవలేదు. మే 20, 23, 26 తేదీల్లో లోక్‌సభ ఎన్నికలు పెట్టారు. రాజీవ్ గెలిస్తే భారత సైన్యం మళ్ళీ వస్తుందని ఎల్టీటీఈ భయపడింది. మే 1న ఒక బృందం పడవలో కోడియక్కరై తీరం చేరింది. మే 7న మద్రాసులో వి.పి. సింగ్ సభలో వాళ్ళు పూలదండ పట్టుకుని వేదిక దగ్గరకు వెళ్ళి చూశారు. ఎవరూ ఆపలేదు. అది రిహార్సల్ అని తర్వాత దర్యాప్తులో తేలింది.

మే 21న రాజీవ్ ఒరిస్సాలో ప్రచారం ముగించుకుని ఆంధ్ర తీరానికి వచ్చారు. విశాఖపట్నం సభ తర్వాత విమానంలో సాంకేతిక లోపం కనబడింది. మద్రాసు ప్రయాణం రద్దయిందనుకుని అతిథి గృహం వైపు బయలుదేరారు. లోపం సరిచేశామని దారిలో కబురొచ్చింది. వెనక్కి వెళ్ళి విమానం ఎక్కారు, తానే నడుపుకుంటూ మద్రాసు చేరారు. ఆ మరమ్మతు మరో గంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో అని విశాఖలో ఇప్పటికీ అనుకుంటారు.

మీనంబాకం నుంచి కారులో శ్రీపెరంబుదూరు. అభ్యర్థి మరగతం చంద్రశేఖర్. ఎన్నికల్లో జనానికి దూరంగా ఉంటున్నాడన్న పేరు పోగొట్టుకోవాలని రాజీవ్ ఆ ప్రచారమంతా గుంపుల్లో కలిసిపోయారు. అప్పటికి ఆయనకు ప్రధానులకు ఇచ్చే స్థాయి ప్రత్యేక రక్షణ లేదు. రాత్రి 10 గంటల 20 నిమిషాల ప్రాంతంలో ధను అనే యువతి దండ వేసి, కాళ్ళకు నమస్కరించడానికన్నట్టు వంగి, నడుముకు కట్టుకున్న బాంబును పేల్చింది. రాజీవ్‌తోపాటు డజనుకు పైగా చనిపోయారు. వాళ్ళలో కాంగ్రెస్ కార్యకర్తలు, పోలీసులు ఉన్నారు. హంతకుల కోసం ఫొటోలు తీయడానికి వచ్చిన హరిబాబు కూడా అక్కడే చచ్చిపోయాడు, అతని కెమెరా మాత్రం మిగిలింది. ఆ ఫిల్ములోని పది ఫొటోలే కేసుకు మొదటి ఆధారం.

డి.ఆర్. కార్తికేయన్ నాయకత్వంలోని ప్రత్యేక దర్యాప్తు బృందం మూడు నెలల్లో ముఖ్య నిందితుడు శివరాసన్ దాకా చేరింది. బెంగళూరు శివార్లలోని కోననకుంటెలో కమాండోలు చుట్టుముట్టినప్పుడు అతను, అతని వెంట ఉన్నవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. 1998లో టాడా కోర్టు 26 మందికీ మరణశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు నలుగురికి మాత్రం ఆ శిక్ష నిలిపి, ముగ్గురికి యావజ్జీవం వేసి, 19 మందిని హత్యానేరం నుంచి తప్పించింది. ఆ ఏడుగురూ 2022లో జైలు నుంచి బయటికి వచ్చారు.

ఆంధ్రలో ఆ మే నెల

ఆ రాత్రి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, అప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని వాకాడు ఊరివాడు. పదవి చేపట్టి అప్పటికి అయిదు నెలలు. హత్య వార్త తెల్లవారేసరికి రాష్ట్రమంతా పాకింది. హంతకులెవరో ఇంకా ఎవరికీ తెలియదు. కానీ ఎన్నికల వేడిలో ఉన్న గుంపులకు ప్రత్యర్థి ఎవరో తెలుసు. తెలుగుదేశం కార్యాలయాల మీద, నాయకుల ఆస్తుల మీద దాడులు జరిగాయి, ఎన్.టి. రామారావు కుటుంబపు ఆస్తులూ మిగలలేదు. రామారావు అప్పుడు నేషనల్ ఫ్రంట్ అధ్యక్షుడు, డీఎంకే ఆ కూటమిలో భాగం. అంత మాత్రానికే గుంపులు లెక్క తేల్చుకున్నాయి. ఏ నేరంతోనూ సంబంధం లేని కార్యకర్తలు, కొట్లవాళ్ళు నష్టపోయారు. ఈ దాడులు చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యానికి మించి చోటు చేసుకోలేదు. అది న్యాయం కాదు. ఎన్నికల ముందు హింసకు ఇవి కూడా అచ్చమైన ఉదాహరణలే.

మొదటి విడత ముగిసి ఉంది. మిగిలిన విడతలను ఎన్నికల సంఘం జూన్ 12, 15 తేదీలకు వాయిదా వేసింది. వాయిదా తర్వాత పోలింగ్ జరిగిన చోట్ల కాంగ్రెస్‌కు మునుపటికంటే బాగా ఓట్లు పడ్డాయి. తమిళనాట కాంగ్రెస్–అన్నాడీఎంకే కూటమి మొత్తం 39 లోక్‌సభ స్థానాలనూ, 234 శాసనసభ స్థానాల్లో 225నూ గెలుచుకుంది. ఆంధ్రలో లెక్క వేరు. 1989లో 42కు 39 గెలిచిన కాంగ్రెస్ ఈసారి 25 దగ్గర ఆగింది. రెండే గెలిచిన తెలుగుదేశం 13కు పెరిగింది. సానుభూతి అనేది అన్నిచోట్లా ఒకేలా పొంగే వరద కాదని, తెలుగు ఓటరు దుఃఖాన్నీ ఓటునూ విడివిడిగా తూచాడని ఈ అంకెలు చూపిస్తాయి.

హత్య వల్ల దేశ రాజకీయం మలుపు తిరిగింది మాత్రం ఒక తెలుగువాడి వైపు. ఎన్నికల్లో పోటీ కూడా చేయకుండా హైదరాబాదుకు తిరిగి వెళ్ళడానికి సిద్ధమైన పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధాని అయ్యారు. నవంబర్‌లో నంద్యాల ఉపఎన్నికలో అయిదు లక్షల ఎనభై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో రామారావు అక్కడ అభ్యర్థిని నిలపలేదు. ఆస్తులు దాడికి గురైన ఆర్నెల్లలోపే ఆయన చూపిన ఆ పెద్దరికాన్ని మెచ్చుకోవాలి.

తర్వాతి ఏళ్ళు

భారత్ 1992 మేలో ఎల్టీటీఈని నిషేధించింది. 1993 జనవరిలో ఆ సంస్థ నాయకుడు కిట్టు ప్రయాణిస్తున్న అహత్ అనే ఓడను బంగాళాఖాతంలో భారత నౌకాదళం అడ్డగించింది. ఓడ మంటల్లో మునిగింది, కిట్టు చనిపోయాడు. బతికిన నావికులను విశాఖపట్నం తెచ్చి అక్కడి కోర్టులోనే విచారించారు; 1996లో నిర్దోషులని వదిలేశారు. శ్రీలంకలో ఎన్నికల ముందు హత్యలు ఆగలేదు. 1993 ఏప్రిల్ 23న రాష్ట్ర మండలి ఎన్నికల సభలో లలిత్ అతులత్ముదలి, 1994 అక్టోబర్ 24న అధ్యక్ష అభ్యర్థి గామిని దిసనాయకె బలయ్యారు. 1999 డిసెంబర్ 18న, పోలింగ్‌కు మూడు రోజుల ముందు, చంద్రికా కుమారతుంగ హత్యాయత్నంలో ఒక కన్ను పోగొట్టుకున్నారు. ఆమె విజయ కుమారతుంగ భార్య.

నెల్లూరు, ఒంగోలు తీరానికి రాజకీయ హత్యలు వేరే దారిన వచ్చాయి. 1991లో ఒంగోలు నుంచి గెలిచిన మాగుంట సుబ్బరామిరెడ్డిని నక్సలైటు సంస్థ పీపుల్స్‌వార్ 1995 డిసెంబర్ 1న కాల్చి చంపింది. కొద్ది నెలల్లో వచ్చిన ఎన్నికల్లో ఆయన భార్య పార్వతమ్మ అక్కడే గెలిచారు. పీపుల్స్‌వార్‌ను 1992లో నిషేధించిన జనార్దనరెడ్డిని చంపడానికి మావోయిస్టులు 2007 సెప్టెంబర్ 7న విద్యానగర్ దగ్గర మందుపాతర పేల్చారు. ఆయన, భార్య రాజ్యలక్ష్మి బతికారు, వెంట వచ్చిన వాహనంలోని ముగ్గురు చనిపోయారు. ఆ సంస్థలకూ పొరుగు దేశానికీ సంబంధం లేదు. ఓటుతో తేలవలసినదాన్ని మందుపాతరతో తేల్చాలన్న పట్టుదల ఒకటే రెండు చోట్లా ఉమ్మడి.

జేవీపీ తర్వాత ఎన్నికల దారికి వచ్చింది. 2024 సెప్టెంబర్ 21న జరిగిన ఎన్నికలో ఆ పార్టీ నాయకుడు అనుర కుమార దిసనాయకె శ్రీలంక అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. అధ్యక్షుడిగా ఆయన తొలి విదేశీ పర్యటన ఆ డిసెంబర్‌లో ఢిల్లీకి.